17 ఏళ్ల అమ్మాయి, 25 ఏళ్ల అబ్బాయి: చట్టం ఎవరిని ఏమడుగుతుంది?

కోనసీమలో కాలవ గట్టున ఒక ఊరు అనుకోండి. రాత్రి తొమ్మిదిన్నర దాటింది. ఇంటర్ సెకండియర్ చదివే అమ్మాయి సాయంత్రం ట్యూషన్‌కి వెళ్లి ఇంకా ఇంటికి రాలేదు. ఫోన్ స్విచాఫ్. తండ్రి లేడు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి మూడేళ్లయింది. పిల్ల అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది. ఆ అమ్మమ్మ వీధి అరుగు మీద కూర్చుని, వచ్చే ప్రతి బండి లైటుకీ లేచి నిలబడుతోంది. మేనమామ బస్టాండంతా వెతికి, పిల్ల స్నేహితురాలి ఇంటికి కూడా వెళ్లి, పదకొండింటికి తిరిగొచ్చాడు. రొయ్యల చెరువులకు మేత బస్తాలు తోలే పాతికేళ్ల అబ్బాయితో వెళ్లిపోయిందట. ఏడాది నుంచి ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారట.

ఆ అరుగు మీద ఆ రాత్రి మూడు మాటలు వినిపిస్తాయి. "దొరికితే వాడి కాళ్లు విరగ్గొట్టాలి." "స్టేషన్ మెట్లెక్కితే పరువు పోద్దండి, మాట బయటికి పొక్కనివ్వకండి." "పిల్ల ఇంటికి చేరగానే బావకిచ్చి ముడిపెట్టేద్దాం."

ఈ ఊరినీ ఈ మనుషులనీ ఉదాహరణ కోసం నేనే కల్పించాను. ఆ మూడు మాటల్ని మాత్రం కల్పించే అవసరం రాలేదు. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లెవరికీ అవి కొత్త కాదు. మూడూ పిల్ల మీద ప్రేమతో, భయంతో వచ్చే మాటలే. కానీ చట్టం లెక్కలో మొదటిది చేస్తే నేరం, మూడోది చేస్తే నేరం, రెండోది కూడా చాలాసార్లు నేరమే అవుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఆ అబ్బాయి మీద ఏ కేసు పడుతుందన్నది సగమే. ఇంట్లోవాళ్లు చేసే పనుల్లో ఏది రక్షణ, ఏది నేరం అన్నది మిగతా సగం.

మైనర్ అంటే ఎవరు, "ఒప్పుకుంది" అంటే ఏమిటి

పోక్సో అని అందరం పిలిచే చట్టం 2012 నవంబర్ 14 నుంచి అమల్లో ఉంది. లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే చట్టం అది. అందులో పిల్లలంటే 18 ఏళ్లు నిండని వాళ్లందరూ. ఆడపిల్లా మగపిల్లాడా అన్న తేడా లేదు. 22 ఏళ్ల యువతి 16 ఏళ్ల కుర్రాడితో శారీరక సంబంధం పెట్టుకున్నా ఇదే చట్టం వర్తిస్తుంది.

18 నిండని పిల్ల "నాకిష్టమే" అన్నా, చట్టం దాన్ని సమ్మతిగా లెక్కించదు. ఆమె అబద్ధం చెబుతోందని దీని అర్థం కాదు. ఆమె ఇష్టపడి ఉండొచ్చు, ప్రేమించి ఉండొచ్చు. అయినా ఆ వయసులో ఇచ్చిన సమ్మతికి ఎదుటి మేజర్‌ని నేరం నుంచి తప్పించే బలం లేదు. 2024 జూలై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఇదే అంటుంది: 18 లోపు అమ్మాయితో సంబంధం, ఆమె ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అత్యాచారమే.

ఇక్కడ ఒక సంగతి విడదీసి చూడాలి. ప్రేమించడం, మాట్లాడుకోవడం, కలిసి కాలేజీకి నడిచి వెళ్లడం పోక్సో కింద నేరాలు కావు. లైంగికమైన పని గానీ, ఆ ఉద్దేశంతో చేసే వేధింపు గానీ ఉంటేనే ఆ చట్టం రంగంలోకి వస్తుంది. అయితే వేధింపు అన్న మాట చాలామంది అనుకునేదానికన్నా విశాలమైనది. లైంగిక ఉద్దేశంతో పిల్లని పదేపదే వెంబడించడం, ఫోన్లోనో ఇన్‌స్టాలోనో వాట్సాప్‌లోనో వదలకుండా సంప్రదించడం కూడా అందులోకే వస్తాయి. దానికి మూడేళ్ల దాకా జైలు. పిల్ల ఇల్లు దాటకముందే, ఫోన్ దశలోనే, ఫిర్యాదుకు దారి ఉందన్నమాట.

ఈ 18 అన్న గీత ఎలా వచ్చింది

ఈ గీత ఎప్పుడూ ఇక్కడే లేదు. 1860లో పీనల్ కోడ్ రాసినప్పుడు అమ్మాయి సమ్మతి వయసు 10 ఏళ్లు. 1891లో 12 అయింది, 1925లో 14, 1940లో 16. 2012లో పోక్సోతో 18కి చేరింది. ఈ చరిత్ర మన ప్రాంతానికి దూరమైనదేం కాదు. 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించారు. పాలబుగ్గల పిల్లల్ని తండ్రి వయసు మగవాళ్లకు కట్టబెట్టడం, వాళ్లు పోయాక ఆ పిల్లలు బతికినంతకాలం వితంతువులుగా మిగిలిపోవడం ఆయన కళ్లారా చూసిన సంగతి. వయసు తేడా మీద మన సమాజం మొదటి పెద్ద పోరాటం పెళ్లి పందిట్లోనే జరిగింది. ఇవాళ దాన్ని మర్చిపోయి, వయసు తేడా అంటే పారిపోయిన జంటల సమస్య అన్నట్టు మాట్లాడుకుంటున్నాం.

వయసు తేడాకు చట్టంలో చోటెక్కడ?

చాలామంది పొరపడే చోటిదే. ఇద్దరి మధ్య ఎన్నేళ్ల తేడా ఉందన్నది శిక్ష నిర్ణయించడంలో పోక్సో లెక్కలోకి తీసుకోదు. అది చూసేది పిల్ల వయసు, జరిగిన పని, చేసినవాడికీ పిల్లకీ ఉన్న సంబంధం.

ఉదాహరణకి ఆమెకి 17, అతనికి 19. ఇద్దరూ ఒకే బస్సులో భీమవరం వెళ్లి చదువుకున్నవాళ్లు. శారీరక సంబంధం ఏర్పడింది. 2019 సవరణ తర్వాత కనీస శిక్ష 10 ఏళ్లు. ఇప్పుడు అతని వయసు 40 అనుకోండి. కనీస శిక్ష అదే 10 ఏళ్లు. ఇద్దరి మధ్య తేడా ఇరవై మూడేళ్లకి పెరిగినా చట్టంలోని అంకె కదల్లేదు. అమ్మాయి వయసు 15 అనుకుంటే మాత్రం కదులుతుంది: 16 లోపు పిల్ల అయితే కనీసం 20 ఏళ్లు.

ఇంకో మెలిక ఉంది. ఒకటికి మించి సార్లు జరిగినా, పిల్ల గర్భవతి అయినా, అది తీవ్రమైన నేరాల జాబితాలోకి వెళ్తుంది. అప్పుడు కూడా కనీసం 20 ఏళ్లే. 19 ఏళ్ల కుర్రాడు, 17 ఏళ్ల అమ్మాయి పారిపోయి రెండు నెలలు ఒకే గదిలో కాపురం పెట్టారంటే, అక్షరాలా చదివితే అతను ఈ జాబితాలో ఉన్నట్టే. జడ్జికి ఇది మరీ ఎక్కువనిపించినా కనీస శిక్ష కన్నా తగ్గించే అధికారం లేదు.

ఇద్దరూ మైనర్లయితే? ఆమెకి 16, అతనికి 17 అనుకుందాం. చట్టం ప్రకారం ఇద్దరూ పిల్లలే. ఆచరణలో ఎక్కువగా అబ్బాయినే, మైనర్ల మీద కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్తారు. 16 దాటిన కుర్రాడి మీద ఇలాంటి పెద్ద నేరం మోపితే, అతన్ని పెద్దవాడిగా విచారించాలా వద్దా అని బోర్డు ముందుగా పరిశీలిస్తుంది.

మరి వయసు తేడాకి ఏ విలువా లేదా? బతుకులో ఉంది. 27 ఏళ్లవాడు 15 ఏళ్ల పిల్లకి ఫోన్ రీచార్జి చేయిస్తాడు, పండక్కి డ్రెస్ కొంటాడు, "మీ ఇంట్లో నిన్ను అర్థం చేసుకునేవాళ్లు లేరు" అంటాడు, "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి" అంటాడు. నెల తిరిగేసరికి పిల్ల స్నేహితులకీ దూరమవుతుంది, ఇంటికీ దూరమవుతుంది. ఏం జరుగుతోందో అతనికి తెలుసు, ఆ పిల్లకి తెలీదు. ఈ అసమానతే ఇక్కడ అసలు ప్రమాదమని నేను గట్టిగా నమ్ముతాను. సమ్మతిని లెక్కలోకి తీసుకోకపోవడానికి చట్టం చూపే కారణం కూడా ఇదే. కానీ అదే గీత 17, 19 ఏళ్ల జంట మీద కూడా అంతే బరువుతో పడుతుంది. ఇవాళ దేశంలో నడుస్తున్న వాదనంతా దీని చుట్టూనే. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

తీసుకెళ్లడం, వెంట వెళ్లడం

మన అరుగు దగ్గరికి తిరిగొద్దాం. పిల్ల ఇల్లు దాటింది. ఇక్కడ పోక్సోతో పాటు కిడ్నాప్ సెక్షన్ వస్తుంది. న్యాయ సంహితలో అది 137. 18 లోపు పిల్లల్ని సంరక్షకుల అనుమతి లేకుండా వాళ్ల దగ్గర్నుంచి తీసుకెళ్లినా, మభ్యపెట్టి రప్పించుకున్నా ఏడేళ్ల దాకా జైలు. పెళ్లికి బలవంతపెట్టే ఉద్దేశంతో అయితే పదేళ్ల దాకా.

తల్లి కువైట్‌లో ఉంటే సంరక్షకులెవరు? కోనసీమలో గల్ఫ్ వెళ్లిన తల్లులున్న ప్రతి ఇంటికీ పనికొచ్చే ప్రశ్న ఇది. పిల్ల ఆలనాపాలనా చట్టబద్ధంగా ఎవరికి అప్పగించారో వాళ్లు కూడా ఈ సెక్షన్ కింద సంరక్షకులే. అమ్మమ్మకి ఫిర్యాదు ఇచ్చే హక్కు ఉంది. తల్లి విమానం దిగేదాకా ఆగాల్సిన పని లేదు.

"తీసుకెళ్లడం" అంటే ఏమిటో సుప్రీంకోర్టు 1964లో వరదరాజన్ కేసులో వివరించింది. అది మద్రాసు నుంచి వచ్చిన కేసు. మేజర్ కావడానికి కొద్ది వారాలే ఉన్న, చదువుకున్న అమ్మాయి తనే ఫోన్ చేసి అతన్ని పిలిచింది, తనే వచ్చి కలిసింది, పెళ్లి చేసుకుందామని అడిగింది. అతను ఆమెని రానిచ్చాడే తప్ప తీసుకుపోలేదని, ఇల్లు వదిలేలా మాటిచ్చో మభ్యపెట్టో పురిగొల్పినట్టు రుజువు లేదని కోర్టు అతన్ని వదిలేసింది. ఇప్పటికీ వకీళ్లు ఈ తీర్పు చూపిస్తారు. అయితే 1964లో పోక్సో లేదు. ఇవాళ అదే కథ జరిగితే కిడ్నాప్ ఆరోపణ నిలవకపోవచ్చు. శారీరక సంబంధం ఉంటే మాత్రం పోక్సో నిలుస్తుంది. రెండు చట్టాలూ వేసే ప్రశ్నలు వేరు.

"అన్నవరంలో తాళి కట్టాడు, ఇంకేం చేస్తారు?" అన్న ధీమా కూడా తరచూ వినిపిస్తుంది. బాల్య వివాహాల నిషేధ చట్టం 2006 ప్రకారం, మైనర్‌ని సంరక్షకుల దగ్గర్నుంచి తీసుకెళ్లి గానీ మభ్యపెట్టి గానీ చేసుకున్న పెళ్లి అసలు చెల్లదు. పోనీ పెళ్లి చెల్లుతుందనుకున్నా, 18 లోపు భార్యతో సంబంధం కూడా అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబర్ 11న తేల్చింది. న్యాయ సంహిత ఆ మాటనే చట్టంగా రాసుకుంది. తాళిబొట్టు కేసుని ఆపదు.

బావ, మేనమామ: వరస కుదిరినా వయసు కుదరాలి

మూడో మాట గుర్తుందా? బావకిచ్చి ముడిపెట్టేద్దాం అన్నది. మన దగ్గర మేనరికం వింత కాదు. మేనమామకి మేనకోడల్ని ఇవ్వడమూ ఉంది. మామూలుగా హిందూ వివాహ చట్టం మేనమామ, మేనకోడళ్ల పెళ్లిని నిషేధిస్తుంది. ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇస్తుంది. ఆ మినహాయింపు వరసకే గానీ వయసుకి కాదు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలన్న నియమం ఏ ఆచారానికీ లొంగదు.

పోక్సోలో ఇంకో సంగతి ఉంది. రక్తసంబంధం ఉన్న బంధువు మైనర్ మీద ఈ నేరం చేస్తే అది తీవ్రమైన నేరం, కనీసం 20 ఏళ్లు. అంటే ఇంట్లోవాళ్లు పరువు కాపాడుకుందామని 17 ఏళ్ల పిల్లని మేనమామకి కట్టబెడితే, ఆ మేనమామ నెత్తిన పడే శిక్ష పారిపోయిన కుర్రాడికి పడేదానికన్నా పెద్దది కావచ్చు. ఒక ప్రమాదం నుంచి తప్పించబోయి పిల్లని అదే చట్టం నేరమనే ఇంకో ఇంట్లోకి పంపినట్టు.

2022లో సుప్రీంకోర్టుకి తమిళనాడు నుంచి ఇలాంటి కేసే వచ్చింది. మేనమామకి పోక్సో శిక్ష పడింది. అప్పటికే పెళ్లయి ఇద్దరు పిల్లలున్నారు. ఆ సంసారం చెదరగొట్టడం ఇష్టంలేక, అక్కడి ఆచారాన్ని కూడా గమనంలోకి తీసుకుని కోర్టు శిక్షని రద్దు చేసింది. దీన్ని మిగతా కేసులకి ఉదాహరణగా తీసుకోవద్దని కూడా రాసింది. చాలామంది మొదటి సగం చెప్పుకుంటారు, రెండో సగం వదిలేస్తారు.

కన్నవాళ్ల చేతికి చట్టం ఇచ్చినవి

రాత్రి పన్నెండింటికి మేనమామ స్టేషన్‌కి వెళ్లాడనుకుందాం. "తెల్లారాక రండి, స్నేహితురాలి ఇంట్లో ఉందేమో చూడండి" అనడానికి వీల్లేదు. తప్పిపోయిన పిల్లల విషయంలో ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని, కిడ్నాప్ లేదా అక్రమ రవాణా జరిగిందన్న అనుమానంతోనే దర్యాప్తు మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. పోక్సో ఫిర్యాదు నమోదు చేయని పోలీసుకి ఆ చట్టంలోనే శిక్ష ఉంది.

పిల్లని గౌతమి దాటించి యానాం తీసుకెళ్లారనుకోండి. అది పుదుచ్చేరి పరిధి, పోలీసులు వేరు. అయినా ఫిర్యాదు కోసం అక్కడిదాకా పోనక్కర్లేదు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ రాయాలి. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తర్వాత సంబంధిత స్టేషన్‌కి వాళ్లే పంపుకుంటారు. స్టేషన్ అంటేనే గుండె దడదడలాడేవాళ్లకి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, అత్యవసర నంబరు 112 ఉంది, సచివాలయంలో మహిళా పోలీసు ఉంటారు.

ఇక రెండో మాట: బయటికి పొక్కనివ్వకండి. పోక్సో నేరం జరిగిందని తెలిసినవాళ్లెవరైనా చెప్పి తీరాలి. తల్లిదండ్రులకి దీన్నుంచి మినహాయింపు లేదు. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలో, జరిమానాయో, రెండూనో పడొచ్చు. స్కూలు, హాస్టల్ లాంటి సంస్థల బాధ్యులైతే ఏడాది దాకా. పిల్లకి మాత్రం ఈ శిక్ష వర్తించదు. గర్భం వచ్చిందని ఆసుపత్రికి వెళ్తే డాక్టరు కూడా సమాచారం ఇవ్వాలి. కానీ గర్భస్రావం కోసం వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు కోరితే పిల్ల పేరూ వివరాలూ ఆ సమాచారంలో రాయనక్కర్లేదని 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పరువు భయంతో పిల్లని నాటువైద్యానికి తీసుకెళ్లే ఇళ్లలో ఈ ఒక్క సంగతి తెలిస్తే ప్రాణాలు నిలుస్తాయి.

ఇప్పుడు ఆ ఇంట్లో ట్రంకు పెట్టె దగ్గరికి వెళ్దాం. ఇలాంటి కేసుల్లో చాలాసార్లు గెలుపోటములు అక్కడే తేలతాయి. అమ్మమ్మ పెట్టె తెరిచింది. పైన ఆధార్ కార్డు, అందులో పుట్టిన తేదీ జనవరి 1. క్యాంపులో తేదీ తెలీక అలా రాయించారు. దాని ప్రకారం పిల్లకి 18 నిండి నెలయింది. అడుగున ప్లాస్టిక్ కవర్లో టెన్త్ సర్టిఫికెట్ ఉంది. దాని ప్రకారం 17 ఏళ్ల 5 నెలలు. ఏది చెల్లుతుంది? జువెనైల్ జస్టిస్ చట్టం వరస చెబుతుంది: ముందు స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా టెన్త్ సర్టిఫికెట్. అది లేకపోతే పంచాయతీ లేదా మునిసిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ ఈ వరసలో లేదు. అది వయసుకి రుజువు కాదని 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కూడా అంది. స్కూల్లో వేసేటప్పుడు "ఏడాది ఎక్కువ వేయండి" అని ఎప్పుడో మాస్టారికి చెప్పిన చిన్న మాట, ఇలాంటి రోజున పిల్లని మేజర్ చేసి నిలబెడుతుంది.

కోపంలో చేసేవి

పిల్ల మీద దాడి జరుగుతుండగా అడ్డుకోవడానికి బలం వాడితే అది ఆత్మరక్షణ హక్కు. చట్టం దాన్ని గౌరవిస్తుంది. మర్నాడు నలుగురు కలిసి కుర్రాడి ఇంటికి వెళ్లి కొడితే అది దాడి కేసు. అతని తల్లిని, చెల్లిని తీసుకొచ్చి కూర్చోబెడితే అక్రమ నిర్బంధం. అప్పుడు ఒకే స్టేషన్‌లో రెండు కేసులు, రెండు వైపులా ముద్దాయిలు. ఆ తర్వాత "మీరు తీసుకుంటే మేమూ తీసుకుంటాం" అన్న బేరం మొదలవుతుంది. పిల్ల కేసు అందులో నలిగిపోతుంది.

తిరిగొచ్చిన పిల్లని కొట్టి గదిలో పెట్టడం కూడా అంతే. సంరక్షణలో ఉన్న పిల్లల్ని శారీరకంగానో మానసికంగానో హింసిస్తే మూడేళ్ల దాకా జైలు పడే సెక్షన్ జువెనైల్ జస్టిస్ చట్టంలో ఉంది. కన్నవాళ్లకి మినహాయింపు లేదు.

హడావుడిగా పెళ్లి చేస్తే, ఆ పెళ్లికి ఒప్పుకున్న పెద్దలకీ జరిపించినవాళ్లకీ రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. పెళ్లికి ఒప్పుకున్న పెద్దల్లో ఆడవాళ్లకి జైలు శిక్ష లేదు, జరిమానాయే. పెళ్లి జరగబోతోందని తెలిస్తే మేజిస్ట్రేట్ ముందే ఆపేస్తూ ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ ఉత్తర్వుని కాదని చేసిన పెళ్లి చెల్లదు. జరిగిపోయిన పెళ్లినైతే, 18 నిండాక రెండేళ్లలోపు ఆ అమ్మాయే కోర్టుకెళ్లి రద్దు చేయించుకోవచ్చు.

పిల్ల ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం గురించి కూడా చెప్పాలి. ఆత్రంలో మేనమామే పెడతాడు, "కనిపిస్తే చెప్పండి" అని. పది నిమిషాల్లో అది ఊళ్లు దాటుతుంది, కింద కామెంట్లు మొదలవుతాయి. పోక్సో కేసు నమోదయ్యాక పిల్లని గుర్తుపట్టేలా పేరు, ఫొటో, స్కూలు, వీధి ఏదీ బయటపెట్టకూడదు. అలా చేయడమూ శిక్షార్హమే.

పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తప్పు కట్టించి కాగితం రాసుకోవడం ఇంకా అక్కడక్కడా ఉంది. పోక్సో నేరం రాజీ పడగలిగేది కాదు. రెండు కుటుంబాలు సర్దుకున్నాయన్న కారణంతో కేసు కొట్టేయడం కుదరదని, ఒక టీచరు మీద పెట్టిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో తేల్చిచెప్పింది. పైగా నేరాన్ని కప్పిపుచ్చడానికి డబ్బు తీసుకోవడం ఇంకో నేరం.

పద్దెనిమిది నిండిన మర్నాడు

ఇంకో ఉదాహరణ: అమ్మాయి వెళ్లినప్పుడు 17 ఏళ్ల 9 నెలలు. దొరికేసరికి 18 దాటి నెల. కేసు పోయిందా? పోలేదు. నేరం జరిగిన రోజు వయసే లెక్క. కానీ ఎవరి దగ్గర ఉండాలన్నది ఇప్పుడు పూర్తిగా ఆమె ఇష్టం. "అతని దగ్గరే ఉంటాను" అంటే హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్) వేసినా ఆమెని బలవంతంగా ఇంటికి పంపరు. మేజరైన మనిషి తన జోడీని ఎంచుకునే హక్కు ప్రాథమిక హక్కేనని 2018లో సుప్రీంకోర్టు రెండు తీర్పుల్లో చెప్పింది. ఒకవైపు అతని మీద విచారణ నడుస్తుంటే, ఇంకోవైపు ఆమె అతని భార్యగా కోర్టు వరండాలో కూర్చునే పరిస్థితి ఇందువల్లే వస్తుంది.

ఇంకా 18 నిండకపోయి, ఇంటికి వెళ్లనంటే? బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరుస్తారు. ఆమె మాట విని, ఇంట్లో ప్రమాదముందో లేదో చూసి, ఇంటికా వసతి గృహానికా అన్నది కమిటీ నిర్ణయిస్తుంది.

గీతని జరపాలా?

ఒకవైపు వాదన ఇది. 16 దాటిన పిల్లల మధ్య ప్రేమల్ని నేరం చేస్తే కుర్రాళ్లు జైళ్లలో, అమ్మాయిలు హోముల్లో మిగిలిపోతున్నారు. అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్లో 2016 నుంచి 2020 దాకా వచ్చిన 7,064 పోక్సో తీర్పుల్ని ఎన్‌ఫోల్డ్ అనే సంస్థ పరిశీలిస్తే, 24.3 శాతం ప్రేమ వ్యవహారాలవని తేలింది. 2013లో అత్యాచార చట్టాల్ని సమీక్షించిన జస్టిస్ వర్మ కమిటీ కూడా సమ్మతి వయసు 16 ఉండాలంది. 2019లో మద్రాసు హైకోర్టు, పిల్లకి 16 దాటి ఇద్దరి మధ్య తేడా ఐదేళ్లు మించకపోతే వేరుగా చూడాలని సూచించింది. కెనడాలో సమ్మతి వయసు 16. 14, 15 ఏళ్లవాళ్ల విషయంలో కూడా, ఎదుటివాళ్లు ఐదేళ్ల లోపు పెద్దయితే, వాళ్లు పిల్లల మీద అధికారంలో ఉన్నవాళ్లు కాకపోతే, నేరంగా చూడరు. మన చట్టంలో లేనిది సరిగ్గా ఈ తేడా లెక్కే.

రెండోవైపు వాదన తేలికైనదేం కాదు. గీత దించితే పిల్లల్ని మభ్యపెట్టేవాళ్లకి, అక్రమ రవాణా చేసేవాళ్లకి, ఇంట్లోనే కాటేసేవాళ్లకి "ఆమె ఒప్పుకుంది" అనే ఆయుధం దొరుకుతుంది. బాల్య వివాహాలకి దారి తిరిగి తెరుచుకుంటుంది. అప్పుడు కోర్టులో ప్రతి పిల్లా "నేను ఒప్పుకోలేదు" అని నిరూపించుకోవాల్సి వస్తుంది. చట్టాల మీద కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 2023లో ఇచ్చిన 283వ నివేదికలో వయసు దించొద్దని చెప్పింది. 16 నుంచి 18 మధ్య పిల్లల కేసుల్లో, ఇష్టం ఉన్నట్టు కనిపించి, తేడా మూడేళ్లు మించకపోతే, శిక్ష తగ్గించే వీలు జడ్జికి ఇవ్వమంది. 2025లో సుప్రీంకోర్టులో సీనియర్ న్యాయవాది ఇందిరా జైసింగ్ 16కి దించాలని వాదిస్తే కేంద్రం వ్యతిరేకించింది.

నాకు లా కమిషన్ చూపిన దారి కొంత నచ్చుతుంది. 17, 19 ఏళ్ల జంటనీ, 15 ఏళ్ల పిల్లని వల్లో వేసుకున్న 27 ఏళ్లవాడినీ ఒకే తాసులో తూయకూడదు. అయితే మన అరుగు మీద కథలో పాతికేళ్లవాడికి, తేడా లెక్క పెట్టిన మద్రాసు హైకోర్టు సూచన గానీ లా కమిషన్ సూచన గానీ సాయపడదు. తేడా ఎనిమిదేళ్లు.

2025 మే 23న సుప్రీంకోర్టు తేల్చిన బెంగాల్ కేసు చూడండి. జరిగినప్పుడు అమ్మాయికి 14, అతనికి 25. నేరం రుజువైంది. కానీ ఆమె పరిస్థితి చూడమని కోర్టు నిపుణుల కమిటీని వేస్తే తెలిసిందేమిటంటే, ఆ సంబంధాన్ని ఆమె నేరంగా చూడలేదు, దాని తర్వాత జరిగిందే ఆమెని ఎక్కువ గాయపరిచింది. కన్నవాళ్లు వదిలేశారు, ఊరు వేలెత్తి చూపింది, పోలీసులూ కోర్టులూ ఏళ్ల తరబడి తిప్పాయి. అప్పటికి ఆమెకో బిడ్డ. కోర్టు తన ప్రత్యేకాధికారంతో అతనికి శిక్ష వేయకుండా వదిలింది, ఇదీ ఉదాహరణ కాదంది. 14 ఏళ్ల పిల్లతో 25 ఏళ్లవాడి సంబంధాన్ని ప్రేమ అనడానికి నా మనసు ఒప్పుకోదు. కానీ ఆ పిల్ల ఇంటికి తిరిగి వెళ్లగలిగి ఉంటే ఆమె బతుకు ఎలా ఉండేదన్న ప్రశ్న నన్ను వదలడం లేదు.

మన అమ్మాయి మూడో రోజు అన్నవరంలో ఒక సత్రం దగ్గర దొరికిందనుకుందాం. ఆమె వాంగ్మూలం ఇంట్లోనో, ఆమె కోరిన చోటనో తీసుకోవాలి. వచ్చేది వీలైనంతవరకూ మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా. రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. అబ్బాయి ఎదురుపడకూడదు. వైద్య పరీక్ష చేసేది మహిళా డాక్టరే. అమ్మమ్మ పెరటి వసారాలో రెండు కుర్చీలు వేసింది, ఎస్సై గారికొకటి, పిల్లకొకటి. మామయ్య గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వాంగ్మూలం తీసుకునేటప్పుడు కన్నవాళ్లు గానీ, పిల్లకి నమ్మకం ఉన్న ఇంకెవరైనా గానీ పక్కన ఉండాలంటుంది చట్టం. తల్లి కువైట్‌లో ఉంది. మూడో కుర్చీ ఎవరికి వేయాలో పిల్లనే అడగాలి.